చిటికెనవేలంత

తెల్లారి నాలుగున్నరకు
తలకు టార్చి కట్టుకోని కయ్యలోకి దిగతాను.
పొద్దు పొడిచినాక కోస్తే కాయ తూగదు.
పొద్దు పొడవకముందు కోస్తే పాము భయం.
రెండింట్లో పామే మేలు.

గెర్కిన్ అంటాడు ఆఫీసరు జయచంద్ర.
మేము కంపెనీ దోస అంటాం.
మా ఇండ్లల్లో ఎవురూ కూర వండరు దీన్ని.
ఆవుకు వేస్తే ఆవు కూడా ఆలోచిస్తాది.

దీని కత ఏమంటే, ఇది నిద్రపోదు.
రాత్రి చిటికెనవేలంత ఉన్నది
తెల్లారేసరికి చూపుడువేలు,
ఇంకో పూట ఆగితే బొటనవేలు.
చిటికెనవేలికి కిలో ముప్పై ఆరు.
చూపుడువేలికి పంతొమ్మిది.
బొటనవేలికి ఆరున్నర.
అంతకన్నా లావైతే లారీ ఎక్కదు.

కంపెనీవాళ్లు బొక్కలు పెట్టిన రేకు ఒకటి ఇచ్చినారు,
ఏ బొక్కలో దూరితే ఆ రేటు.
దాన్ని గోడకు తగిలించేసినాను.
ఆకు కింద చెయ్యి పెడితే
ఏది ఎంతో వేళ్లే చెప్తాయి.
నూగుముళ్లు గుచ్చుకోని గుచ్చుకోని
బ్యాంకు మిషను మీద నా ముద్ర పడదు.
"ఇంకోసారి పెట్టమ్మా" అంటాడు ఆ పిల్లోడు.
ఏం పెట్టేది నాయనా,
గీతలు కాయలకు అంటుకోని ఓడెక్కేసినాయి.

పడినా ఏముండాది.
దుడ్లు పోయేది మా ఇంటాయన ఖాతాలోకి.
రైతు కోడు నాలుగు వందల పదిహేడు, సుబ్బరామప్ప.
కయ్య మామ పేరున,
బోరు బ్యాంకు పేరున.
నడుంనొప్పి నా పేరున.

మొన్న ఆషాడంలో ఆవు ఈనింది.
దూడ అడ్డం తిరిగి రాత్రంతా కొట్టంలోనే.
చేతులు కడుక్కోని కయ్యకు పోయేసరికి
పొద్దు గుట్టెక్కింది.
ఆకెత్తి చూస్తే అన్నీ బొటనవేళ్లే, మూడు గోతాలు.
ఒక్క రాత్రికి పద్నాలుగు వందలు పోయినాయి.
దూడ బతికింది.
"పద్నాలుగొందలా, రావే" అని పిలస్తా ఉండారు పిల్లోళ్లు.

తర్వాతి వారం కొనేవాళ్లు వచ్చినారు, దొరలు.
చెప్పుల మీద ప్లాస్టిక్ సంచులు తొడుక్కోని
మందు డబ్బాలు యాడ పెడతారు,
మందు కొట్టినాక ఎన్నాళ్లు ఆగి కోస్తారు అని అడిగినారు.
జయచంద్ర తెలుగు చేసి మా ఇంటాయన్ను అడిగినాడు.
మా ఇంటాయన నా మొగం చూసినాడు.
నేను చెప్పినాను.
ఏడు ప్రశ్నలు ఇట్లనే చుట్టు తిరిగి వచ్చినాయి
మా సందులో లారీ మలిగినట్లు.
ఎనిమిదోదానికి ఆ దొరసాని పెన్ను ఆపి
నా దిక్కు తిరిగి ఏదో అడిగింది.
జయచంద్ర నోరు తెరిచేలోపే మా ఇంటాయన అన్నాడు:
"ఆమెనే అడగండి సార్.
నాకు తెలిసింది అన్నం టయానికి రావడమే."
అందరూ నవ్వినారు.
నాకు నవ్వు రాలేదు, కోపమూ రాలేదు.
సంతకం మాత్రం ఆయనే చేసినాడు.

పోతా పోతా ఒక సీసా ఇచ్చినారు.
పైన తలగుడ్డ కట్టుకున్న ముసలామె బొమ్మ,
బుగ్గలు ఎర్రగా, కింద ఏదో రాత.
లోపల పుల్లనీళ్లల్లో
సబ్బసిగాకు మాదిరి కసువు, మా కాయలు.
పళ్లెంలో ఒంపి లెక్క పెట్టినాను.
ఇరవై రెండు. అన్నీ చిటికెనవేళ్లే.
ఒకటి మాత్రం కొడవలి మాదిరి ఒంగి ఉండాది.
డ్రిప్పు పైపు చివర, నీళ్లందని సాలులో
కాయ అట్లనే ఒంగతాది.
నాదే అని అనను.
రామకుప్పంలో, శాంతిపురంలో
పైపు చివరి సాలు లేని కయ్య యాడుండాది?

ఆ బొమ్మలో ముసలామెను అడగాలనిపించింది,
ఏమ్మా, నువ్వెవరి కయ్యలో కోసినావు,
నీ కోడు ఎవురి పేరున ఉండాది అని.

సీసా కడిగి అలసంద విత్తనం పోసి పెట్టినాను.
టార్చి చార్జింగుకు పెట్టి పడుకున్నాను.
ఆకుల కింద అవి పడుకోలేదు, తెలుసు.