ఏడో గోళీ

గుణుపురంలో కరెంటు పోయింది
సరిగ్గా గేరుబాక్సు పొట్ట విప్పినప్పుడే.
తాంబాళం నిండా ఎర్ర నూనె.
గోడమీంచి బసంతి అపా తొంగిచూసి
"రొక్తొ?" అంది బెదురుగా.
"ఆయిలమ్మా" అన్నాను, తెలుగులోనే.

రాయగడ దారి ఎత్తుల్లో
రెండునుంచి మూడుకి మారేటప్పుడు
ఈ బండి ఒక్క క్షణం మమ్మల్ని మరిచిపోయేది.
ఆ మరుపు మాన్పడానికే
కొత్త స్ప్రింగులు,
రాత్రంతా నూనెలో నానిన క్లచ్చి పలకలు.

ఇడ్లీ రేకు గుంటల్లో దాచిన ఉక్కు గోళీలు
ఆరే ఉన్నాయి.

టార్చి పట్టుకుని నేల పాకాను.
బండి కింద, బూటులో, చీపురు పుల్లల్లో.
చివరికి రాజులమ్మ పిన్ని కొంగుముడి విప్పింది.
"గుమ్మంకాడ దొరికిందిరా,
ముత్తెం అనుకున్నాను."

జాకీల మీదే, చక్రాలు గాల్లో తిరుగుతూ,
రెండు. మూడు.
తడబాటు లేదు.

ఎత్తు ఇంకా ఎక్కి చూడలేదు.
ఇడ్లీలకి మాత్రం
వారం దాకా అదే వాసన.