కుర్చీ అంచు

మొన్న శ్రావణంలో, పాలకొల్లు ఫంక్షన్ హాల్లో
మా బ్యాండుకి కుర్చీలేశారు.
ఎర్ర ప్లాస్టిక్కువి, పన్నెండు.
పన్నెండు మందిమీ వాటి చుట్టూ నిలబడ్డాం
వేరే ఎవరికో వేసినవేమోనని.

"కూర్చోండయ్యా" అన్నాడు పెళ్లికూతురి మేనమామ
మెడ మీద చెమట తుడుచుకుంటూ, చాలా మామూలుగా.
ముప్పై నాలుగేళ్ల బూరలో
ఆ మాట వినడం అదే మొదలు.

కూర్చున్నాను.
కూర్చోవడమేంటి, వీపు మొత్తం వెనక్కి వాల్చాను.
ట్రంపెట్టెత్తి ఊదితే
తడి తాటాకు ఈడ్చిన చప్పుడొచ్చింది.
గాలి బొడ్డు దాకా దిగలేదు,
పొట్ట మడత దగ్గరే నిలిచిపోయింది
గుర్రపుడెక్క పట్టిన బోదెలో నీరులా.
బూర నోరు మోకాళ్ల మీదికి వాలి
పాటంతా తివాచీలోకి ఇంకిపోయింది.

ఏలియా మాస్టారుంటే చెంప పగలగొట్టేవారు.
సఖినేటిపల్లి చేలల్లో, తెల్లారకుండా,
ఒక కాలు బోదెకి ఇటు, ఒక కాలు అటు పెట్టించేవారు.
"పడితే బురదలో పడతావు,
అందుకని నడుం దానంతటదే నిటారవుద్ది."
"మోచేతులు డొక్కకి నొక్కకు,
చంకలో కోడిపిల్లుందనుకో, బతకనీ."
"ఊపిరి లాకు తలుపు లాంటిదిరా,
ఒక్కసారే ఎత్తేస్తే చివరి చేనుకి అందదు."
ఆయన పంటు మీద నిలబడి ఊదితే
వశిష్ఠ అవతల, నరసాపురం రేవులో
టీ తాగేవాళ్లు గ్లాసులు దించేవాళ్లు.

నిలబడ్డమూ ఊరికే రాలేదు మరి.
ఈ ముందు పన్ను ఆచంట ఊరేగింపుది.
కాలు గతుకులో పడింది, మౌతుపీసు పంటి మీద పడింది,
పాట మాత్రం ఆపలేదు.
పిక్కల మీద లేచిన నరాలు చూడండి,
ఇరిగేషన్ ఆఫీసు గోడ మీది పటంలో కాలవలు.
ఒక్కసారి, ఒక్కసారే,
ఒక పెళ్లివారి అరుగు మీద కూర్చున్నాను
పిస్టన్ పట్టేస్తే నూనె వేద్దామని.
ఎవరూ ఏమీ అనలేదు.
చూశారు.
లేచాను.
నూనె రోడ్డు మీద వేసుకున్నాను, నిలబడి.

అంచేత ఆ రోజు హాల్లో వెనక్కి వాలడం
ఒళ్లు బద్ధకం కాదు,
ఆ వాలుడు నాకు రావలసిన బాకీ.
కానీ బూరకి ఈ లెక్కలు తెలీవుగా.

అప్పుడు రెండో వరసలోంచి ఒక స్వరం లేచింది,
ఫ్యాన్ల మీంచి పోయి
వంటశాలలో గరిటెలు ఆపింది.
చూస్తే కెజియా. మాస్టారి మనవరాలు,
పదిహేడేళ్లది, కార్నెట్టు.
కుర్చీకి ముందు జానెడు మీదే కూర్చుంది,
పాదాలు రెండూ నేలకి అచ్చు గుద్దినట్టు,
ఎవరైనా పిలిస్తే లేచిపోయేదానిలా.
పాటకీ పాటకీ మధ్య అడిగాను,
"ఎవరు నేర్పారే అలా కూర్చోడం? తాతా?"
"తాత ఎప్పుడు కూర్చున్నాడు మావయ్యా!
మన చర్చి బెంచీలకి
ఆనుకోడానికి వెనక చెక్కలేవుగా."

జరిగాను ముందుకి.
జానెడు. ఇంకో రెండు వేళ్లు.
కింద ఉన్నది కుర్చీ కాదు, బోదె గట్టనుకున్నాను.
చంకలో కోడిపిల్ల కదిలింది.
గాలి దిగింది, దిగింది, బొడ్డు కిందకి,
పై షడ్జం నిలబడింది
నేను కూర్చునుండగానే.

మేనమామ మళ్లీ వచ్చి
"సరిగ్గా కూర్చోండి, పడిపోతారు" అని నవ్వాడు.
తర్వాత బంతిలో మాకూ ఆకులేశారు.
పప్పూ, పనసపొట్టు కూరా వడ్డిస్తుంటే
కెజియా మోచేత్తో పొడిచింది,
"ఇప్పుడు బూర లేదుగా, వెనక్కి కూర్చో."
చూసుకుంటే అంచునే ఉన్నాను.
అది బూర అలవాటో
ఆ అరుగు అలవాటో
అన్నం చల్లారేదాకా తేలలేదు.