లేదని చెప్పడానికి

పన్నెండు మంది వచ్చారు మొఖోట్లాంగ్ ఆసుపత్రికి
జూలై మంచులో, హైస్కూలు వ్యాను దిగి.
భుజాల మీద దుప్పట్లు, బూట్లకి బురద.
ఆరోగ్యశాఖలో ఏయే ఉద్యోగాలుంటాయో చూపించమని
హెడ్మాస్టరు రాసిన ఉత్తరం టీచరు చేతిలో.

ఏమవుతారర్రా అని వరండాలోనే అడిగింది మేట్రన్.
డాక్టరు, డాక్టరు, డాక్టరు,
పోలీసు అన్నాడొకడు, ప్రశ్న సగమే విని.
చివర నిలబడ్డ పిల్ల ఏమీ అనలేదు.

నడుం విరిగిన ముసలాయన్ని
నర్సు తెబెలో దుప్పటితో సహా పక్కకి తిప్పడం చూశారు,
ఆయన కళ్ళు కూడా తెరవలేదు.
మందుల గదిలో ఫార్మసిస్టు మాత్రల్ని ఐదేసి చొప్పున
చాకుతో తోస్తుంటే నవ్వారు,
బఠానీలు ఎంచుతున్నట్టుందని.
ఆవిడా నవ్వింది, లెక్క తప్పకుండా.

ఆఖర్న నా దగ్గరికి.
వరండా చివర, శవాల గదికి ముందుది, నా ల్యాబు.
ఇక్కడికి కళ్ళె వస్తుంది, నెత్తురొస్తుంది,
మనుషులు రారు.
పదిహేడేళ్ళుగా ఈ జిల్లా నాకు సీసాల్లోనే పరిచయం.

రాసుకున్న ఉపన్యాసం జేబులో ఉంది.
కిరసనాయిలు పొయ్యి చుట్టూ చేరి చేతులు కాచుకుంటున్నవాళ్ళకి
అది చదవడానికి సిగ్గేసి
మైక్రోస్కోపు ముందుకి కుర్చీ జరిపాను.

ఏదో అడవి సార్, అన్నాడు కొపానో,
తన కనురెప్ప వెంట్రుకలే చూసుకుని.
చివరికి ఆ పిల్ల కూర్చుంది. పేరడిగాను.
మొసెలంత్జా.
కుక్కతోక అని అర్థం.
ముందు పుట్టినవాళ్ళు దక్కకపోతే
మా కొండల్లో తర్వాతి బిడ్డకి ఇలాంటి పేరే పెడతారు,
చావు ముక్కు మూసుకుని దాటిపోతుందని.
ముందు ఎంతమందని నేనడగలేదు.

మర తనే తిప్పుకుంది, మెల్లగా,
రేడియోలో దూరపు స్టేషను పట్టుకుంటున్నట్టు.
నీలం మీద ఎర్రటి పుల్లలు.
ఎంత బాగున్నాయో, అంది.
అనేసి నోటి మీద చెయ్యి పెట్టుకుంది.
గనుల నుంచి దగ్గుతో తిరిగొచ్చిన నాన్నలున్న ఊళ్ళో
క్షయ గురించి ఎవరూ పాఠం చెప్పక్కర్లేదు.

బాగున్నాయనడం తప్పు కాదమ్మా, అన్నాను.
నాకూ అలాగే అనిపిస్తుంది, ఎవరితోనూ అనలేదంతే.
చూడబుద్ధి కానివాడికి అవి దొరకవు.

ఒకటి కనబడితే చాలా సార్?

ఉందనడానికి ఒక్కోసారి ఒక్క చూపు పడుతుంది.
లేదని చెప్పడానికే
వంద మడులు తిరగాలి.
ఈ గుండ్రటి వెలుగుంది చూశావూ, ఇది ఒక మడి.
పక్కకి జరపాలి, మళ్ళీ వెతకాలి,
గట్టు తప్పకూడదు, చూసినదాంట్లోకే తిరిగి రాకూడదు.
వందా ఖాళీగా ఉంటేనే
లేదు అని రాసి సంతకం పెడతాం.

కాసేపు ఊరుకుంది.
ఎవరైనా ఎప్పుడైనా తొంభై దగ్గర ఆపేశారా?

పొయ్యి వత్తి పెంచాను. మళ్ళీ తగ్గించాను.
పొద్దున రంగు వేసి ఆరబెట్టిన పలక
తీసి పెట్టాను, నాలుగు వందల పద్దెనిమిదో నంబరు.
పలక మీద పేరుండదు.

పెదవులు కదుపుతూ లెక్క మొదలెట్టింది.
బయట మిగతావాళ్ళు వేడివేడి మకోన్యాలు తింటున్నారు.
వ్యాను హారను మోగింది. టీచరు రెండుసార్లు పిలిచింది,
మూడోసారి లోపలికే వచ్చింది.

అరవై మూడు, అంది లేస్తూ. ఏమీ లేవు.
నా రిజిస్టరుని నమ్మనట్టు
అరచేతిలో పెన్నుతో రాసుకుంది.
మిగతావి మీరు చూస్తారా?
చూస్తాను.
ముప్ఫై ఏడున్నాయి, అని గుమ్మం దగ్గర ఆగి మరీ చెప్పింది.

వ్యాను మలుపు తిరిగాక తలుపు వేసుకున్నాను.
కుర్చీ ఇంకా వెచ్చగానే ఉంది.
రూలు ప్రకారం ఒకటి నుంచి నేనే చూడాలి, చూశాను.
అరవై మూడు దాకా పిల్ల చెప్పినట్టే.
అక్కడ కళ్ళద్దాలు తీసి, తుడిచి,
పెట్టుకుని,
అరవై నాలుగు.