రొజొ రెండో రోజు, గోపాల్‌పూర్

ఈ మూడు రోజులూ భూమికి సెలవట,
నాగలి తగలకూడదు.
బరంపురంలో నా మగ్గం కూడా
నోరు మూసుకుని గోడకేసి చూస్తోంది.

లైట్‌హౌస్ నీడ చెప్పుల దాకా పాకింది.
నేను జరగలేదు.

పక్కన దానేసు వల బాగుచేస్తున్నాడు.
ఒడియాలో బేరమాడతాడు, తెలుగులో తిడతాడు,
సముద్రాన్ని మాత్రం ఏ భాషలోనూ ఏమీ అనడు.

చౌడమ్మ పొడొపిఠా పొట్లం విప్పింది,
మాడిన అరిటాకు వాసన.
ఓ ముక్క దానేసుకి,
అడక్కుండానే ఓ ముక్క కాకెత్తుకుపోయింది.
"ఐదింటి బస్సుకి ఎల్దామేటి?"
"ఆరింటిది లేదా?"

నా వేళ్ళే, పాపం, సెలవని ఎరగవు;
ఇసుకలో పోగులు లెక్కపెడుతూనే ఉన్నాయి.
కెరటమొకటి వచ్చి తెల్లంచు నేస్తుంది,
నచ్చక విప్పేసుకు పోతుంది,
మళ్ళీ మొదలు.
దీనికి కూలెవడిస్తాడే, అన్నాను.
చౌడమ్మ అప్పటికే నిద్రపోయింది,
కొంగు నిండా ఇసుక.