తడిగుడ్డ

మా బేతంచెర్లలో తెలుపు ఒక రంగు కాదు.
పాలిష్ మిషన్ల కాడ లేచి
రేకుల మింద, కలబంద మింద, ఆరేసిన చీరల మింద
చెప్పకుండా వచ్చి కూచునే చుట్టం.
అందుకే మా కాకిపెట్ట జుట్టు మింద
తెల్లగా పొడి రాలినట్టు కనపడితే
నాపరాతి దుమ్మే అనుకున్నా.
ఎనిమిది దినాలు అట్లనే అనుకున్నా.

నూకలు పోస్తే రెండు ముక్కి
మెడ ముడుచుకొని బండ నీడన నిలబడె.
అప్పుడు గంపలో పెట్టుకొని పోతి.

పశువులాసుపత్రిలో కాంపౌండర్ ఓబులేసు
దాన్ని ముట్టుకోకుండానే అడిగినాడు,
"తుడిచి చూసినావా, కాశింబీ?"
దుమ్మయితే తడిగుడ్డకు వస్తాది,
రోగమయితే జుట్టుకే ఉంటాది.
ఇంత సులువు మాట
నాకెందుకు తట్టలేదో!

ఇంటికొచ్చి, ఒళ్ళో పెట్టుకొని, రెక్కలదిమి
తుడిచినా.
ముక్కు మింద తెలుపు పోయింది.
ఈకల మింద తెలుపు పోయింది.
జుట్టు మింద తెలుపు
పిండి చల్లినట్టు, అంచుల్లో పొలుసులై
అట్లనే మిగిలింది.
చెవి తమ్మె కాడ గూడా ఒక చుక్క.
బూజు తెగులంట. తడిలో పెరుగుతాదంట.
మిషన్ల నీళ్ళు పారేది మా దొడ్లోకే గదా.

ఇంగ తక్కినవాట్ని గూడా పట్టి చూసినా.
డేగపెట్టకు పొలుసు ల్యాదు, జుట్టే పాలిపోయింది.
కడుపులో ఏలికపాములు, దానికి వేరే మందు.
పుంజు మొగాన మిరియాలంత నల్ల బుడిపెలు:
అది కోడి అమ్మోరు, గిల్లగూడదు,
వేరే గూట్లో పెడితే వాటంతటవే రాలతాయి.
తెల్లపెట్ట రెక్క సందున ఈకలు వెనక్కి తీస్తే
అబ్బా, పేలు!
ఇన్నేండ్లు నూకలేసినా గానీ
ఒక్కదాని మొగం సరిగ్గా చూడలేదు నేను.

మా నాయన ఏకిన దూదితో కుట్టిన దిండు ఒకటుంది.
దాని మూల చించి, చిటికెడు తీసి
అయోడిన్‌లో ముంచి జుట్టంతా అద్దినా.
కంట్లో పడకుండా బొటనవేలు అడ్డం పెట్టినా.
పొద్దునొకసారి, మాపునొకసారి.
గంప కింద పొడి ఇసక పోసి ఒంటరిగా మూసిపెట్టినా.
చేతులు సబ్బుతో కడుక్కో, మనుషులకూ అంటొచ్చన్నాడు ఓబులేసు.
ఏమీ అంటలేదు. గోర్లు మాత్రం
చెడిపోయిన గోరింటాకు మాదిరి అయినాయి.

ఆ మాపే హుసేనప్ప డ్యూటీ దిగి వచ్చినాడు.
రెప్పల మింద, చెవుల్లో, మీసంలో అదే తెలుపు.
నవ్వులాటకి
ఇంగో గుడ్డ తడిపి మొగం తుడిచినా.
అంతా వచ్చేసింది.
"చూసినావా, నాకు రోగం ల్యాదు" అని నవ్వినాడు.
నవ్వు సగంలో దగ్గు పట్టుకునె.
గోడ పట్టుకొని వంగి, ఇంకా వంగి దగ్గినాడు.
గుడ్డ నా చేతిలోనే ఉంది.
యాడ తుడిచేది?

పెద్దాసుపత్రికి పోదామంటే
దినం కూలి పోతాదన్నాడు.
కోడిని మోసుకపోయిన దాన్ని
నిన్ను తీసుకపోలేనా అని
నేను అనలేదు.
అనాల్సింది.

పదిహేడో దినం జుట్టు మొదట్లో
దాసాని మొగ్గంత ఎరుపు కనపడె.
నెల దాటినాక గంప ఎత్తినా.
రెక్కలు దులిపి, నన్నొకసారి ఓరగా చూసి,
తిన్నగా పోయి
గోడవార పోగుబడిన రాతిదుమ్ములోనే
పొర్లింది.