కొలతల పుస్తకం

పరకాల ఠాణాల, టేబుల్ మీద
నా కొలతల పుస్తకం తెరిచి ఉంది.
మిషన్ నూనె మరక పడ్డ అట్ట,
పేజీల నడుమ సుద్దపొడి.

రైటర్ చదువుతుండు:
"స్వరూప. ముప్పై నాలుగు. తొమ్మిది. ఆరున్నర."
ఇవి వేలా, వందలా? అని అడిగిండు.
ఛాతి సారూ, అన్న. చేయి పొడుగు. మెడ లోతు.
పక్కనున్న హోంగార్డు నవ్వాపుకున్నడు.

లైనింగ్ వేసే జాకెట్టుకు ప్లస్ గుర్తు పెడత.
వాటిని వేలుతో లెక్కబెట్టి
ఇరవై ఆరు సిలువలు, అని రాసుకున్నడు.
ఇంటిపేరు సిలువేరు అంటే
పెన్ను ఆగింది.
అది తాతలనాటిది సారూ,
యేసు మా వాడకు రాకముందుదే.

ఫిర్యాదు చదివి వినిపించిండు:
పైసలిచ్చి మతం మారుస్తున్ననట.
నేను పైసలిచ్చుడా!
వెనక పేజీలు తిప్పుండ్రి,
నాకు రావలసిన బాకీలే ఉన్నయి,
పోయిన బతుకమ్మవి సుత.

బుధవారం పొద్దూకినంక
మిషన్ మీద దుప్పటి కప్పి
ఆరుగురం చాప మీద కూసునేది నిజమే.
ఎవరి బిడ్డకు జరమో, ఎవరి పత్తికి తెగులో
పేరు పెట్టి ఆయనను అడుగుతం.
అది దాచ. రాసుకోండ్రి.

కింద సాక్షి సంతకం: ఓదెలు.
స్వరూప పెనిమిటి.
ఆమె గేటు కాడ నేల చూసుకుంట నిలబడ్డది,
నేను కుట్టిన జాకెట్టే తొడుక్కొని.
ఎడమ భుజం కొంచెం దిగి ఉంటదామెకు.
ఆమె తల్లికి, నాకు తప్ప
ఆ సంగతి ఎవరికీ తెల్వదు.

పుస్తకం కోర్టుకు పోయింది.
నేను జామీను మీద ఇంటికొచ్చిన.
నెల దాకా ఎవ్వరూ గుడ్డ తేలే.
దారం ఎక్కియ్యకుంటనే
ఊరికె మిషన్ తొక్కిన కొన్ని రాత్రులు,
ఇల్లు సప్పుడు లేకుంట ఉంటే భయమై.

నిన్న మాపటికి
స్వరూప చిన్నబిడ్డ గడపల సంచి పెట్టి ఉరికింది.
మీటరు పచ్చగుడ్డ. చీటీ లేదు, ఆది జాకెట్టు లేదు.
నా చేతులకు కొలత యాదికే ఉంది.

కోపం లేదంటే అబద్ధం, ప్రభువా.
కత్తెర పట్టిన వేళ్లల్లనే ఉంది.
పావు అంగుళం ఒంకర కోస్తే
ఏ ఠాణా పట్టుకుంటది?

సక్కగనే కోసిన.
ఎడమ భుజానికి మునుపటి లెక్కనే వేసిన.
లోపలి కుట్టుల మాత్రం
అంగుళం గుడ్డ ఎక్కువ వదిలిన,
ఎప్పుడన్న ఇరుకైతే
విప్పుకునేటట్టు.