ఏడాదికోసారి చూపించాలి

మీకు బాగా నచ్చిన కత్తుల పనివాడు ఎవరని
ఔలులో సంత జరిగినప్పుడల్లా కుర్రాళ్లు అడుగుతారు.
ఒకప్పుడు టక్కున చెప్పేవాణ్ణి.

ఎస్కో. వాడి పిడి చూడాలి.
ముడులు పడ్డ బిర్చ్ చెక్కని ఆర్నెల్లు నూనెలో నానేసి
లోపలెక్కడో మంట కదులుతున్నట్టు తేలుస్తాడు.
లేదంటే ఆ అన్నదమ్ములు. పదేళ్లుగా ఇద్దరికీ మాటల్లేవు.
ఒకడు అలుగు సాగదీస్తాడు, ఒకడు ఒర కుడతాడు,
రెండూ పోస్టులో కలుసుకుంటాయి
వెంట్రుక దూరే సందు లేకుండా.

నా అద్దాల బీరువాలో ముప్పై ఒక్క కత్తులుండేవి.
రైలు సిగ్నళ్లు లాగిన చేతుల్తో
ప్రతి ఆదివారం మెత్తటి గుడ్డ పెట్టి తుడిచేవాణ్ణి.
ఒక్కటీ రొట్టెముక్క ఎరగదు.

హిల్యా సంతకి రాదు.
కుహ్మో దాటాక తారు కంకరవుతుంది, కంకర గడ్డవుతుంది,
ఆ గడ్డి ఆమె కొలిమి గుమ్మం దగ్గర ఆగుతుంది.
డెబ్భై ఎనిమిదేళ్లు. ఏడాదికి నాలుగు కత్తులు.
అలుగు మీద పేరుండదు.
మూడేళ్లు కాచుకున్నాక నా వంతొచ్చింది.
అరచేతిలో పెట్టి ఒకే మాట చెప్పింది:
"ఏడాది తిరిగేసరికి తెచ్చి చూపించు.
నచ్చితే రెండోది చేస్తా."

నచ్చడమంటే ఏమిటో అడగలేదు నేను.
పైఅరలో, దీపం కింద పెట్టాను.

పదకొండో నెలలో ఎస్కో చెప్పాడు,
గీత పడని కత్తిని ఆమె వెనక్కి లాక్కుంటుందని.
ఆ రాత్రి వంటింటి తలుపేసుకుని
ఉల్లిపాయ కోసి అలుక్కి రుద్దాను.
నిమ్మరసం, ఆవముద్ద, కాసిని కాఫీ మడ్డి కూడా.
తెల్లారేసరికి ఉక్కు మబ్బు పట్టింది.
తాతలనాటిదిలా ఉంది. నేనే నమ్మేశాను.

హిల్యా దాన్ని వెలుగులోకి తిప్పలేదు.
ముక్కు దగ్గర పెట్టుకుంది.
"ఉల్లిపాయ," అంది.

తేలు కుట్టిన దొంగలా నిలబడ్డాను.
బకెట్లోంచి ఒక పెర్చ్ చేపని తీసి
బల్ల మీద నా ముందు పడేసింది.
నాకు చేప బాగుచెయ్యడం రాదన్నాను.
"కత్తికి వచ్చు," అంది.

బొటనవేలు తెగింది. కళ్లద్దాల నిండా పొలుసులు.
ముందుపన్ను లేని నోటితో ఆమె ఎంతసేపు నవ్విందో!
రెండో కత్తి మాత్రం చెయ్యలేదు.
ఇంతవరకూ చెయ్యలేదు.

పొరుగింటి ఊర్హోతో కలిసి పాత పడవ కొన్నాను.
రెండు తెడ్లు, చెరొకటి.
చేపలు, రొట్టె, గడ్డకట్టిన తాడు,
ఒకసారి ముడి విప్పుకోని వాడి బూటు లేసు.
ఏ నూనే ఇవ్వని రంగొకటి అలుగు మీద దిగింది,
నెమలి మెడలో ఉంటుందే, ఆ నీలం.
మిగతా ముప్పై ఎవరికిచ్చానో ఇప్పుడు గుర్తులేదు.

ప్రతి మార్చిలోనూ హిల్యా దాన్ని కిటికీ దగ్గర చదువుతుంది.
"ఆపిల్స్ బాగానే కాశాయన్నమాట."
"ఇక్కడ ఎముక తగిలింది. తొందరపడ్డావు."

ఈ మార్చిలో చాలాసేపు చూసింది.
"చేపల్లేవు. అంతా రొట్టే."

నీళ్లు నమిలాను.
పడవుందన్నాను. రెండో తెడ్డు ఊర్హోదన్నాను.

తలెత్తలేదు. సానరాయి తడిపింది.
అంత పదును ఆ కత్తికి అక్కర్లేదు,
నాకు తెలుసు, ఆమెకీ తెలుసు.
బయట మంచు నీలమై, ఆ నీలం నల్లబడి,
అప్పటికీ ఆ సన్నటి చప్పుడు ఆగలేదు.

పిడి నావైపు తిప్పి ఇచ్చింది.
కత్తి ఊరికే పుచ్చుకుంటే చెలిమి తెగుతుందంటారు మావాళ్లు,
జేబులో నాణెం వెతికాను.
"అది కొత్త కత్తికి," అంది.

చేతులు తుడుచుకుంటూ, నన్ను చూడకుండా,
"ఆ పడవలోకి నీళ్లొస్తాయా?" అని అడిగింది.